టార్చి పట్టుకున్న అన్నయ్య

ఆదివారం ఉదయం పళ్లు తోముకుంటూ గుమస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. మేడ కింద నీళ్ల మోటారు మొరాయించింది. దాన్ని చెల్లెలు బాగుచేస్తుంది. తాను పక్కన నిలబడి, "మా చెల్లెలే చేసింది" అని నలుగురికీ చెబుతాడు. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి, నాన్న ఊళ్లోంచి తిరిగొచ్చేసరికి ఆయన చెవిన పడుతుంది. సాయంత్రానికి దుకాణం చెల్లెలిదవుతుంది. ఇందులో తేడా రావడానికి చోటెక్కడుందో అతనికి కనిపించలేదు. అలాంటి చోటు పథకం వేసినవాడికి ఎప్పుడూ కనిపించదు.

నాన్నది కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టే దుకాణం. కొంతకాలంగా ఆయన కంటికి సన్నతీగ ఆనడం లేదు. చుట్టేది చెల్లెలు. వంటింటి గట్టు మీద ఒక పక్క పాలు కాగుతుంటే, ఇంకో పక్క తీగ చుట్టలు తయారవుతాయి. తెల్లవారగానే నాన్న వాటిని తువ్వాలులో మూటకట్టి, ఎవరి కంటా పడకుండా దుకాణానికి తీసుకెళ్లి, మోటారులో అమర్చి, వార్నిష్ పోసి ఆరబెడతాడు. "ఈ వయసులో కూడా ఏం చెయ్యి మేస్త్రీ గారూ మీది" అంటారు మోటార్లు తెచ్చినవాళ్లు. ఆయన దగ్గుతాడు. ఆ దగ్గులో అవునూ ఉండదు, కాదూ ఉండదు.

ఇప్పుడాయన దుకాణం నుంచి తప్పుకుందామనుకుంటున్నాడు. ఎవరికి ఇస్తాడన్నదే ఇంట్లో అందరి గుండెల మీదా కూర్చున్న ప్రశ్న. ఆయనకొక మేనల్లుడున్నాడు. ఫ్యాన్లు అమ్ముతాడు. ఫ్యాను లోపల ఏముంటుందని ఎవరైనా అడిగితే గాలి ఉంటుందంటాడు. అయినా మగపిల్లవాడు. ఆ ఉదయం నాన్న ఎవరూ లేవకముందే వాళ్ల ఇంటికి బయల్దేరి వెళ్లాడు.

"అప్పగించడానికే వెళ్లుంటారు" అంది అమ్మ. "ఆడపిల్ల దుకాణంలో కూర్చుంటే మోటార్లు తెచ్చేవాళ్లు వస్తారా, చూసిపోయేవాళ్లు వస్తారా? మీ నాన్న మాత్రం ఏం చేస్తారు?"

ఆ వంశంలో డిగ్రీ మొహం చూసిన మొదటివాడు గుమస్తా. అతను ఏ దీపం కింద చదివాడో, చెల్లెలు ఆ దీపం కిందే తీగ చుట్టింది. అతను పాఠం పైకి చదువుతుంటే ఆమెకు చుట్ల లెక్క తప్పేది. మళ్లీ మొదటి నుంచి చుట్టేది గానీ, మెల్లగా చదువుకో అని ఏనాడూ అనలేదు. ఆ చదువుతో అతనికి బీమా ఆఫీసులో గుమస్తా ఉద్యోగం వచ్చింది. ఆమెకు ఇంట్లో అందరూ పెట్టిన పిచ్చుక అన్న పేరు తప్ప ఏమీ రాలేదు. ఆమెకు ఏదైనా చెయ్యాలని అతని కోరిక. చేతనైంది మాట్లాడటం ఒక్కటే. స్క్రూడ్రైవరు ఏ వైపు తిప్పితే బిగుస్తుందో, ఏ వైపు తిప్పితే వదులవుతుందో అతనికి ఇప్పటికీ అనుమానమే.

"పిచ్చుకా, పని నువ్వు చెయ్. మాట నాకొదిలెయ్" అన్నాడు.

"మాటెందుకన్నయ్యా? నీళ్లొస్తే వాళ్లకే తెలుస్తుందిగా."

"తెలీదు. చెప్పాలి. ఎంత మంచి పనికైనా ఒక సాక్షి ఉండాలి."

"సరే. సాక్షిగారు ఈ టార్చి పట్టుకోండి."

మోటారు ఉన్నది మెట్ల కింద గూడులాంటి గదిలో. ఒక మనిషి దూరితే రెండో మనిషికి గాలి కూడా మిగలదు. పిచ్చుక లోపలికి దూరింది. గుమస్తా గుమ్మంలో గొంతుకూర్చుని టార్చి వేశాడు. ఆమె టెస్టరు పెట్టి చూసింది, చెవి ఆనించి విన్నది. కెపాసిటరు ఉబ్బిపోయింది. నీళ్లు తోడే రెక్కల చక్రంలో ఒక గుడ్డపీలిక చుట్టుకుని ఉంది. రెండింటి సంగతీ చూసి, బేరింగుకు కాస్త గ్రీజు పెడదామని, "ఆ డబ్బా ఇలా ఇవ్వు" అంది. గుమస్తా డబ్బాను మూత వైపు పట్టుకుని ఎత్తాడు. మూత చేతిలోకి వచ్చింది, డబ్బా చొక్కా మీదికి వచ్చింది. తుడుచుకోబోతే మోచేతులదాకా పాకింది. చెమట తుడుచుకుంటే నుదుటికెక్కింది.

అంతలో మోటారు గుర్రుమంది. పైన తొట్టిలో నీళ్లు పడుతున్న చప్పుడు విని, మేడలోవాళ్లంతా బిందెలు, బకెట్లు వదిలేసి కిందికి దిగొచ్చారు. వాళ్లకు గుమ్మంలో కనిపించింది చేతిలో టార్చితో, నిలువెల్లా గ్రీజుతో, చెమటలు కక్కుతున్న మగమనిషి. అతని వెనక చీకట్లో ఒక అమ్మాయి శుభ్రమైన చేతుల్ని గుడ్డతో తుడుచుకుంటోంది. పని తెలిసినవాళ్ల చేతులు అంతగా మురికి కావన్న సంగతి ఆ మేడలో ఎవరికీ తెలియదు.

"శభాష్ బాబూ" అన్నారు రిటైరైన హెడ్మాస్టరు. మేడలో నీళ్ల సంగతులన్నీ ఆయనే చూస్తారు. "తండ్రికి తగ్గ కొడుకువి."

"నేను కాదండీ" అన్నాడు గుమస్తా, ఈ క్షణం కోసమే కాచుకుని ఉన్నవాడిలా. "మా చెల్లెలు చేసింది. నేను టార్చి పట్టుకున్నానంతే."

హెడ్మాస్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "విన్నారా? గోరంత చేసి కొండంత చెప్పుకునే రోజులివి. చెల్లెలికి పేరు రావాలని ఇంతగా తపించే అన్నను నా సర్వీసులో చూళ్లేదు."

"నేనే చేశానండీ" అంది పిచ్చుక లోపల్నుంచి. "మా అన్నయ్యకి టెస్టరు పట్టుకోవడం కూడా రాదు."

"పిల్ల కూడా సరదా మనిషే" అన్నారు హెడ్మాస్టరు. అందరూ నవ్వుకుంటూ నీళ్లు పట్టుకోవడానికి వెళ్లిపోయారు.

గుమస్తా చొక్కా మార్చుకుంటూ ఆలోచించాడు. తాను పక్కన ఉండటమే పొరపాటు. తాను లేకపోతే పేరు ఇంకెవరికి పోతుంది? అంతలో ఎదుటి వీధి లాండ్రీ ఆవిడ దగ్గర్నుంచి కబురొచ్చింది. పెద్ద ఉతికే మిషను తిరగడం లేదు, మీ అబ్బాయిని పంపండి అని. "అమ్మాయిని పంపుతున్నామని చెప్పండి" అన్నాడు గుమస్తా. పిచ్చుకను ఒంటరిగా పంపి, తాను లాండ్రీకి ఎదురుగా ఉన్న బేకరీలో కూర్చుని టీ తెప్పించుకున్నాడు. ఇప్పుడు ఏ తగువూ లేదు. పని వీధికి ఆ పక్క, తాను ఈ పక్క.

టీ చల్లారింది. చెల్లెలు పొద్దుటి నుంచి ఏమీ తినలేదని గుర్తొచ్చి ఫోను చేశాడు. చేతులు ఖాళీ లేక ఆమె స్పీకరు నొక్కింది.

"ఏమైనా తిన్నావా?"

"ఇంకా లేదన్నయ్యా. మోటారు బాగానే ఉంది, బెల్టు జారిందంతే."

"అయితే బెల్టు వేసేసి రా."

కాసేపట్లో లాండ్రీ ఆవిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వీధి దాటి వచ్చింది. "బాబూ, మీరు రాకపోయినా మీ మాట వచ్చింది. బెల్టు వేసేయమన్నారు, వేయగానే తిరిగింది. మిషను మొహమైనా చూడకుండా, ఇక్కడ టీ తాగుతూ జబ్బు కనిపెట్టారు."

"అమ్మా, అందులో బెల్టు ఉంటుందని నాకు ఇప్పుడే తెలిసింది. ముందు మా చెల్లెలే చెప్పింది."

"వింటున్నారా ఈయన మాటలు?" అంది ఆవిడ బేకరీ యజమానితో. "పాపం ఆ పిల్ల, అన్నని అడక్కుండా ఒక్క మర కూడా తిప్పదు. మంచి పెంపకం."

ఎద్దు ఈనిందంటే దూడను కొట్టంలో కట్టెయ్యమనే వీధి అది. గుమస్తా టీ డబ్బులిచ్చేలోపే, ఫోన్లో మోటార్లు బాగుచేసే మనిషి ఉన్నాడన్న కబురు మలుపు తిరిగి వెళ్లిపోయింది. హెడ్మాస్టరు అది విని, ఇది కళ్లారా చూడాలని బేకరీకి వచ్చి కూర్చున్నారు.

బేకరీ యజమాని బల్ల తుడుస్తూ దగ్గరికి జరిగాడు. "సార్, మా పిండి కలిపే మిషను కొద్దిగా మూలుగుతోంది. మీరొకసారి చెయ్యి వేస్తే..."

కాదనబోయిన గుమస్తాకు ఉన్నట్టుండి వెలుగు కనిపించింది. తనకు రాదని చెబితే ఎవరూ నమ్మడం లేదు. చూపిస్తే నమ్ముతారు. ఒక మనిషికి పని రాదనడానికి, నలుగురి ఎదుట ఆ పని చెడగొట్టడం కంటే గట్టి రుజువు ఏముంటుంది? చదువుకున్నవాడు కాబట్టి ఈ వాదన అతనికి పక్కాగా తోచింది.

"అందరూ చూడండి" అని లేచాడు. "ఇప్పుడు దీని మీద నేనే చెయ్యి వేస్తున్నాను. నేనొక్కడినే. మా చెల్లెలు ఇక్కడ లేదు. ఫోను కూడా బల్ల మీద పెట్టేస్తున్నాను. చూశారుగా?"

"చూశాం" అన్నారందరూ భక్తిగా.

స్విచ్చి కట్టేసి మూత విప్పాడు. లోపల ఎర్రతీగ, పచ్చతీగ, నీలంతీగ. ఊడదీసి, కంటికి ఇంపుగా కనిపించిన చోట ఇంపుగా కనిపించిన రంగు కలిపాడు. స్విచ్చి వేశాడు. పిండి గిన్నె తిరగాల్సిన వైపు కాకుండా రెండో వైపు తిరిగింది. అది కూడా ఒక్క క్షణమే. పైమూత లేచి అలమర కిందికి పోయింది. పిండి ముద్ద ఒకటి యజమాని ఛాతీకి, ఇంకొకటి హెడ్మాస్టరు కళ్లద్దాలకు తగిలింది. తర్వాత ఠప్పున చప్పుడై, ఆ వరుసలో దుకాణాలన్నిటికీ కరెంటు పోయింది.

గుమస్తా మొహంలో ఆ రోజు మొదటిసారి శాంతి కనిపించింది. "చూశారా?" అన్నాడు. "నాకు రాదు."

యజమాని ఛాతీ మీది పిండిని మెల్లగా గోకి గిన్నెలో వేసుకుంటూ, "పొద్దున ఆ అమ్మాయి మేడ కింద మోటారు ముట్టుకుంది కదూ?" అన్నాడు.

"ముట్టుకుంది. నేను చూశాను" అన్నారు హెడ్మాస్టరు, పిండిలోంచి.

"తర్వాత మా మిషను" అంది లాండ్రీ ఆవిడ.

"అదీ సంగతి. వీధంతా ఒకే లైను. ఎక్కడో ఆ అమ్మాయి చేసిన తప్పు ఇక్కడ బయటపడింది" అన్నాడు యజమాని.

"నేను చేశానండీ. మీ కళ్ల ముందే చేశాను" అన్నాడు గుమస్తా.

"బాబూ" అన్నారు హెడ్మాస్టరు, అతని భుజం మీద చెయ్యి వేసి. "చెల్లెలి నింద నెత్తిన వేసుకోవడానికి కూడా ఒక హద్దుండాలి."

ఠప్పుమన్న చప్పుడు విని పిచ్చుక పరుగెత్తుకొచ్చింది. మిషను లోపల రంగుల పొందిక చూసింది.

"ఎవరు చేశారిది?"

"నేనే" అన్నాడు గుమస్తా.

"ఎందుకు?"

"నీ కోసం."

పిచ్చుక నుదురు పట్టుకుంది. ఫ్యూజు బోర్డు దగ్గరికెళ్లి తీగ మార్చింది, మిషను దగ్గరికొచ్చి తీగలు విడదీసి ఎక్కడివి అక్కడ కలిపింది, ఎందుకు మూలుగుతోందో చూసి ఆ మూలుగు కూడా మాన్పింది. లైట్లు వెలిగాయి. పిండి గిన్నె బుద్ధిగా తిరిగింది. "అన్నగారు పక్కన ఉండబట్టి సరిపోయింది" అని ఊపిరి పీల్చుకున్నాడు యజమాని. శంఖంలో పోస్తేగాని తీర్థం కాదంటారు. పిచ్చుక చేతిలో నీళ్లు ఎన్నున్నా, ఆ వీధికి తాను శంఖమై కూర్చున్నానని గుమస్తాకు అప్పుడు అర్థమైంది. ఊదేవాళ్లు ఊదుతూనే ఉన్నారు.

నాన్న వచ్చేసరికి ఎండ వాలింది. బస్సు దిగిన చోటి నుంచి ఇంటికి రావాలంటే బేకరీ, లాండ్రీ, హెడ్మాస్టరు గుమ్మం, వరుసగా దాటాలి. ఆయన చెప్పులు కూడా విడవకుండా కుర్చీలో కూలబడ్డాడు. కళ్లు చెమర్చి ఉన్నాయి. అమ్మ మంచినీళ్లిచ్చింది. గుమస్తా, పిచ్చుక గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"పొద్దున మేనల్లుడి ఇంటికి ఎందుకెళ్లానో తెలుసా?" అన్నాడు నాన్న.

"దుకాణం ఇస్తానని చెప్పడానికి" అంది అమ్మ.

"ఇవ్వనని చెప్పడానికి."

పిచ్చుక తల ఎత్తింది.

"ఇంతకాలం నా పేరు నిలబడిందంటే అది పిచ్చుక చుట్టిన తీగ మీద నిలబడింది. నాకు తెలీదా? దుకాణం దానిదేనని వాడి మొహం మీదే చెప్పాను. ఆడపిల్లకా అని నవ్వాడు. నవ్వుకోరా అన్నాను. జనం వస్తే వస్తారు, రాకపోతే పోతారు, నా బిడ్డ చెయ్యి నాకు తెలుసు అని వచ్చేశాను. దారి పొడుగునా గుండె ఎంత తేలికగా ఉందో."

పిచ్చుక చేతిలోని టెస్టరును మెల్లగా కిటికీలో పెట్టింది. గుమస్తా ఆనందంతో ఏదో అనబోయాడు. అని ఉంటే ఏమయ్యేదో గానీ, అంతలో నాన్న మళ్లీ అందుకున్నాడు.

"అలా అనుకుంటూ వీధిలో కాలు పెట్టానో లేదో, ఒకళ్లా ఇద్దరా, అందరూ నీ గురించే చెప్పారురా. మోటారు నువ్వే చేశావట. ఫోన్లో చేశావట. వీధి దీపాలు పోతే తెప్పించావట. ఇంత విద్య నా దగ్గర దాచావు. ఎందుకో కూడా తెలుసు నాకు. చెల్లెలికి దక్కాలని."

"నాన్నా, నాకు రాదు."

"ఇలాగే అంటావని కూడా చెప్పారు."

"ఒట్టు. నాకేమీ రాదు. కావాలంటే చూడు."

నాన్న మూలనున్న పాత మోటారొకటి ముందుకు తోశాడు. "దీని మూత విప్పు."

గుమస్తా కూర్చున్నాడు. తిప్పాడు. స్క్రూ ఇంకా బిగిసింది. మళ్లీ తిప్పాడు. దాని తల అరిగిపోయింది. మోటారు ఒళ్లోంచి జారి కాలి మీద పడింది. నాన్న ఇక చూడలేక మొహం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"చూడవే" అన్నాడు అమ్మతో. "చెల్లెలి కోసం ఎంత చేతకానివాడిలా నటిస్తున్నాడో."

"ఇంతమందీ చెబుతున్నారుగా, నిజమే అయ్యుంటుంది" అంది అమ్మ.

"నాన్నా" అంది పిచ్చుక. "నేను చుట్టిన తీగేదో నీకు తెలుసు. ఇప్పుడే అన్నావు."

"తెలుసమ్మా. అలాంటి చెయ్యి ఈ చుట్టుపక్కల లేదు. అందుకే అన్నయ్యకి సాయంగా నువ్వుండాలి."

"ఇందాకటిదాకా దుకాణం నాదే కదా?"

"ఇందాకటిదాకా ఇంకెవరూ లేరు కదమ్మా" అన్నాడు నాన్న ప్రేమగా. "మగపిల్లాడు ఉండగా నీ నెత్తిన ఇంత బరువు పెట్టేంత కఠినుణ్ణా నేను?"

ఆ మాటలో కల్మషం లేదు. గుమస్తా ఆ తర్వాత చాలాసేపు మాట్లాడాడు. పొద్దుటి నుంచి జరిగిందంతా, డబ్బా మూత సహా, పూసగుచ్చినట్టు చెప్పాడు. చెప్పినకొద్దీ నాన్న కళ్లలో అతని మీద ప్రేమ పెరిగింది.

అలిసిపోయి బయటికొస్తే పిచ్చుక మెట్ల మీద కూర్చుని ఉంది. కింద గదిలో మోటారు తిరుగుతోంది. ఆమె ఆ చప్పుడు వింటోంది.

"పిచ్చుకా..."

"బేరింగు బాగానే పలుకుతోంది" అంది ఆమె. "అన్నయ్యా, ఇంకెప్పుడైనా నాకు అండగా నిలబడాలనిపిస్తే, కాస్త కూర్చో" అంది. కోపంగా అన్నా బాగుండేది. నిజంగానే అడుగుతున్నట్టు అంది.

ఇప్పుడు గుమస్తా ఆఫీసు అవగానే తిన్నగా దుకాణానికి వస్తాడు. నాన్న దగ్గకుండా ఇంటికి వెళ్లిపోతాడు. మోటార్లు తెచ్చేవాళ్లు గుమస్తా ఎదుట పెడతారు. అతను వాటిని మోయలేక మోయలేక తెర వెనక్కి మోసుకెళ్తాడు. తెర వెనక పిచ్చుక ఉంటుంది. మొదట్లో నాలుగు రోజులు రానని మొండికేసింది గానీ, మోటార్లు అలా పొట్టలు విప్పుకుని పడి ఉన్నాయని తెలిసి ఉండబట్టలేకపోయింది. బాగైన మోటారును మళ్లీ ఇతనే ముందుకు మోసుకొస్తాడు. "లోపల మా చెల్లెలు చేసిందండీ" అని కొన్నాళ్లు చెప్పి చూశాడు. చెప్పిన ప్రతిసారీ, చెల్లెల్ని ఇంత బాగా చూసుకునే మనిషి దగ్గరే పని చేయించుకోవాలని ఇంకో ఇద్దరు వచ్చారు.

చివరికి అతను మాట్లాడటమే మానేశాడు. పనిమంతుడంటే అలా ఉండాలి, నోరు తక్కువ, చెయ్యి ఎక్కువ అని వీధంతా మెచ్చుకుంది.